మా ఇంటి గోడకు కళ్ళు

మా ఇంట్లో అభిప్రాయాల శాఖ నాది. మిగతా శాఖలన్నీ మా ఆవిడవి. గ్యాసు ఎప్పుడైపోతుందో, పాలవాడికి ఎంత బాకీ ఉన్నామో నాకు తెలీదు. మనిషి రోజుకెన్ని గంటలు పనిచెయ్యాలో, అడిగినవాడికల్లా వేలిముద్ర ఎందుకివ్వకూడదో, రాష్ట్రాల సరిహద్దులు ఎంత అర్థం లేనివో అడగండి, కాఫీ చల్లారేదాకా చెప్తాను. చల్లారిన కాఫీని మా ఆవిడ మళ్ళీ కాచదు. అది ఆమె అభిప్రాయం.

సరిహద్దుతోనే మొదలుపెడతాను, అత్తగారిల్లు అవతలుంది కాబట్టి. మా చిత్తూరులో నీవా అని పిలిచే ఏరు తమిళనాడులోకి పోయి పొన్నై అవుతుంది. పేరు మార్చుకున్నందుకు దాన్ని ఎవరూ కాగితాలడగరు. ఆ పొన్నై ఊరే మా ఆవిడ పుట్టిల్లు. 2020 ఏప్రిల్ నెలాఖరులో, కరోనా లాక్‌డౌన్ నడుస్తుండగా, పొన్నై పోయే రోడ్డుకు అడ్డంగా తమిళనాడు వైపు గోడ కట్టేశారు. పలమనేరు నుంచి గుడియాత్తం పోయే దారిలో సైనగుంట దగ్గర ఇంకోటి. పేపర్లో ఫోటో చూసి హాల్లో నిలబడి రాజ్యాంగం 19వ అధికరణం మీద ఉపన్యాసం ఎత్తుకున్నాను. దేశమంతా స్వేచ్ఛగా తిరిగే హక్కు ప్రతి పౌరుడికీ ఉందన్నాను.

"అయితే ఆ అధికరణం ఎత్తుకోని గోడ దూకండి. మా నాయన్ను చూసొద్దురు" అంది మా ఆవిడ.

దూకలేదు. గోల లేచి రెండు మూడు రోజులకే గోడ తీసేశారు గానీ, నిజం చెప్పాలంటే నాకా గోడ నచ్చింది. మామగారు రిటైరైన హెడ్మాస్టరు, చరిత్ర చెప్పేవారు. వచ్చినప్పుడల్లా వరండాలో కూర్చోబెట్టి నాకు పాఠం. "ఉత్తర ఆర్కాటు జిల్లాకు ఒకప్పుడు మీ చిత్తూరే హెడ్‌క్వార్టర్సు నాయనా, మా వేలూరు మీ కింద ఊరు. 1911లో జిల్లా చీల్చినారు. 1960లో తిరుత్తణి మాకొచ్చేసింది." ఈమధ్య 2022 కూడా చేర్చుకున్నారు: "తిరుపతి కూడా జిల్లాగా యేరుపడిపాయె. ఇంకేం మిగిలించుకున్నారు మీరు?" ఏదో నేనే గీత గీసి పంచిపెట్టినట్టు! పాఠం అయ్యాక ప్రశ్న ఒకటే. "సరే, ఈ పొద్దు ఏం పని చేసినావు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, సిద్ధాంతముంది. జీతం పనికివ్వాలి, కూర్చున్నందుకు కాదు. బెంగళూరు కంపెనీ ఒకదానికి ఇంటినుంచే లెక్కలు రాస్తాను. పొద్దున పదకొండుకల్లా నా పని అయిపోతుంది. కానీ కంప్యూటరు కాసేపు కదలకపోతే నా పేరు పక్కన పచ్చచుక్క పసుపుకు తిరుగుతుంది. పసుపైతే మేనేజరు ఫోను. దీనికి ఒక ఉపాయం కనిపెట్టాను. సంగటి, ఊరిబిండి తిని, వరండాలో ఉయ్యాల మీద వెల్లకిలా పడుకుని, తీగలేని మౌసును పొట్ట మీద పెట్టుకుంటాను. ఊపిరి తీస్తే పొట్ట లేస్తుంది, మౌసు వెంట్రుకవాసి జరుగుతుంది, లోపల టేబుల్ మీద బాణం గుర్తు కదులుతుంది. సంగటి తిన్న రోజు పొట్ట ఇంకా బాగా పనిచేస్తుంది. నేను నిద్రపోయినా నా చుక్క పచ్చగానే ఉంటుంది. ఈ ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను సాధించింది ఇదొక్కటే.

ఇక గోప్యత. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్క మాటగా అది ప్రాథమిక హక్కే అన్నారు. కేసు వేసిన కె.ఎస్. పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టు జడ్జీగా చేసిన మనిషి. 2012లో కేసు వేసేనాటికి ఆయనకు 86 ఏళ్ళు. తీర్పు వచ్చిన సాయంత్రం వీధిలో మిఠాయి పంచినంత పని చేశాను. అదే వారం, డేటా చవగ్గా వస్తుందంటే పోయి కొత్త సిమ్ముకు వేలిముద్ర వేసొచ్చాను. 2023లో తిరుమలలో గదులిచ్చేచోట ముఖం గుర్తుపట్టే కెమెరాలు పెట్టినప్పుడు, ఇదేం నిఘా అని ఘాట్ రోడ్డు పొడవునా గొణిగి, కౌంటరు ముందుకు రాగానే జేబులోంచి దువ్వెన తీశాను.

ఇన్ని తెలిసినవాడు ఇంటికి కెమెరా ఎట్లా తెచ్చాడంటారా? వరండాలో చెప్పులు పోయాయి. రెండు జతలు. అంతే, నా సిద్ధాంతాల ఖరీదు. బెంగళూరు నుంచి మావాడొచ్చి గోడకు బిగించి, అందరి ఫోన్లకూ కలిపాడు. "తాతక్కూడా పెట్టినా నాన్నా, పాపం ఆయనకు పొద్దుపోదు" అన్నాడు. నేను విన్లేదు. షరతులు చదవకుండా 'అంగీకరిస్తున్నాను' నొక్కే పనిలో ఉన్నాను.

వారానికి పొన్నై నుంచి ఫోను.

"ఏం నాయనా, కడుపు నొస్తా ఉండాదా?"

"లేదే మామా. ఎందుకు?"

"పొట్ట మీద నల్లగా ఏందో పెట్టుకోని పడుకోనుండావు. కాపడమా? నాలుగు దినాలుగా చూస్తా ఉండా. దాచుకోబాకు. రేపు వేలూరు ఆసుపత్రికి పోదాం, పొద్దున్నే పోయి నేను టోకెను తీస్తా."

మా ఆవిడ వంటింటి గడపలో నిలబడి చూస్తా ఉంది. సోమరినని ఒప్పుకోవాలా, రోగినని ఒప్పుకోవాలా? రోగినన్నాను. మూడు రోజులు వాము కషాయం, మజ్జిగన్నం. మూడోరోజు ఆదివారం. పక్కింటి నుంచి కాదు, మా వంటింటి నుంచే మటన్ వాసన. నాకు తప్ప అందరికీ వడ్డించింది.

కడుపు నయమయ్యాక పొన్నై పోయాం. మామగారి బల్ల మీద బడి హాజరుపట్టీలాంటి నోటుబుక్కు. ఎర్ర ఇంకుతో తేదీల వారీగా రాసిపెట్టారు: '11.40 నుంచి 12.55, కాపడం. 2.10 నుంచి 3.30, కాపడం.' ఆయనకు పుట్టస్వామి కేసు మొత్తం వివరించాను. శ్రద్ధగా విన్నారు. మంచి హెడ్మాస్టర్లు మధ్యలో అడ్డం రారు.

"ఆయన 86 ఏళ్ళకు కోర్టు మెట్లెక్కినాడు నాయనా" అన్నారు చివరికి. "నువ్వు 54కే ఉయ్యాలెక్కినావు."

కెమెరా తీసేద్దామంటే ఓట్లు మూడుకు ఒకటి పడ్డాయి. ఇప్పుడు వెనకగదిలో, బియ్యం మూటల పక్కన చాప మీద పడుకుంటున్నాను. అక్కడికి నెట్టు సరిగా అందదు, రోజుకు రెండుసార్లు పసుపు తప్పడం లేదు.

ఉయ్యాల ఖాళీగా ఉంది. టేకుది, ఇత్తడి గొలుసులు. చవగ్గానే ఇస్తాం. ఇటు చిత్తూరు వాళ్ళైనా, అటు పొన్నై వాళ్ళైనా వచ్చి చూసుకోవచ్చు. వచ్చేవాళ్ళు కాస్త తల దువ్వుకుని రండి, మామగారు చూస్తుంటారు.