ఫ్లవర్ బ్రాకెట్ మావయ్య

మా మావయ్య లెక్కల మాస్టారు. రిటైరై ఏళ్లయింది గానీ ఫ్లవర్ బ్రాకెట్ మాత్రం ఆయన చెయ్యి వదల్లేదు. ఆయన వేస్తుంటే చూడాలి. సుద్దముక్క పైన వంపు తిరిగి, సగం దారిలో చిలకముక్కులా బయటికి పొడుచుకొచ్చి, మళ్లీ అదే కొలతకి కిందికి దిగుతుంది. మెలేసిన మీసాన్ని నిలబెట్టినట్టుంటుంది. ముక్కు సరిగ్గా మధ్యలో రాలేదో, తుడిచి మళ్లీ మొదలు. బడి రోజుల్లో అయితే ఈలోపు బెల్లు మోగేది.

ఇంట్లో సరుకుల చీటీ కూడా ఆయనకి ఆ బ్రాకెట్లో పెట్టిన సమితే. ఓసారి అత్తయ్య టమాటాలు, కొత్తిమీర, సొరకాయ, మళ్లీ కొత్తిమీర అని చెప్పింది. రెండు కట్టలు కావాలని ఆవిడ భావం. ఈయన ఒక్కటే తెచ్చారు. "ఒకే మూలకాన్ని రెండుసార్లు రాసినా ఒకటి కిందే లెక్క!" టమాటాలు సంచి అడుగున, వాటి నెత్తిన సొరకాయ. ఇదేమిటంటే, "సమితిలో వరుసతో పనిలేదు" అన్నారు. ఆ పూట టమాటా చారు.

ఇక పెళ్లిళ్లలో చదివింపుల కవరు. ఇంటిల్లిపాది ఏడుగురి పేర్లూ ఒకదాని కింద ఒకటి రాసి, పక్కన నిలువెత్తు బ్రాకెట్ వేసి, దాని ముక్కుకెదురుగా 116 అని రాస్తారు.

తెరిచిన బ్రాకెట్ మూయకపోతే ఆయనకి అన్నం సయించదు. అలాంటిది మాడ్యులస్ ప్రమేయాన్ని నిర్వచించేటప్పుడు ఎడమవైపు ఒక్కటే వేసి, రెండు వరుసలు రాసి, కుడివైపు వదిలెయ్యాలి కదా! వీధి తలుపు గడియ పెట్టకుండా ఊరెళ్లినవాడిలా నిలబడేవారు పాపం. జాలేసేది.

నా జాలి ఆయనకి లేదు. హైస్కూల్లో శూన్య సమితి రాయమంటే, బావుంటుంది కదాని ఫై చుట్టూ ఫ్లవర్ బ్రాకెట్ కూడా వేశాను. మేనల్లుడినని చూడకుండా మార్కు కోసేశారు. "ఒరేయ్, ఖాళీ సంచి వేరు, ఖాళీ సంచిని మడిచి లోపల పెట్టిన సంచి వేరు. రెండోదాంట్లో ఒక సంచి ఉందిరా!" నిజమే. అయినా ఒక్క మార్కు!

ఇప్పుడు నేను కోడ్ రాసుకు బతుకుతున్నాను. రోజంతా పక్కవాళ్లు మూయని బ్రాకెట్లు వెతకడమే పని. మొన్న మావాడి నోట్సు తిరగేస్తే అదే ఫై, దాని చుట్టూ అదే బ్రాకెట్. ఎర్ర పెన్నుతో కొట్టేసి, వంటింట్లోంచి రెండు సంచులు తెచ్చాను.

వాడు రెండ్రోజులుగా నాతో మాట్లాడ్డం లేదు.