దుమ్, తక్: ఒక కైరో తబ్లా ఆత్మకథ

నేను తబ్లాను. హిందుస్థానీ కచేరీల్లో కనిపించే జంట వాద్యాన్ని కాను, ఒంటిదాన్ని. నోరు వెడల్పు, నడుము సన్నం, అడుగు ఖాళీ. కుమ్మరి సారె మీద పుట్టి, ఆవంలో కాలి గట్టిపడ్డాను. నోటికి చేప చర్మం అంటించి బిగించాక నాకు గొంతు వచ్చింది. ఇప్పటి తబ్లాలు చాలావరకు అల్యూమినియం పోతవి. వాటి ప్లాస్టిక్ మూతకు తేమ భయం లేదు. నాకు ఉంది. చర్మం వదులైన రోజున నన్ను వాయించే ఉస్తాద్ నా లోపల చిన్న బల్బు వెలిగిస్తాడు. కాసేపు వెచ్చబడితే గొంతు మళ్లీ ఖంగుమంటుంది.

మాది కైరోలోని ముహమ్మద్ అలీ వీధి. అతబా నుంచి కోట వైపు సాగే ఆ వీధిలో వాద్యాలు చేసేవాళ్లు, వాయించేవాళ్లు, పెళ్లిళ్లలో ఆడిపాడేవాళ్లు తరాలపాటు బతికారు. 1926లో నర్తకి బదియా మసాబ్ని నగరంలో తన నాట్యశాల తెరిచాక మా పెద్దలకు కొత్త వేదిక దొరికింది. తహియా కారియోకా, సామియా గమాల్ వంటి నర్తకులు అక్కడే వెలుగులోకి వచ్చారు. కొద్దిపాటి వాద్యాలతో సాగే ఆటకు వయొలిన్ల వరుసలు, అకార్డియన్లు తోడయ్యాయి. రక్స్ షర్కీ అనే వేదిక నాట్యం అలా రూపు దిద్దుకుంది.

ఉస్తాద్ నన్ను ఎడమ తొడ మీద అడ్డంగా పెట్టుకుంటాడు. చర్మం మధ్యలో చేతి వేళ్లతో కొడితే దుమ్. అంచున వేలితో కొడితే తక్. నా భాషంతా ఈ రెండింట్లోనే ఉంది. మక్సూమ్ తాళం వినండి: దుమ్ తక్, తక్ దుమ్, తక్. ఇందులో మూడో దెబ్బను దుమ్ చేస్తే సయీదీ: దుమ్ తక్, దుమ్ దుమ్, తక్. ఒక్క దెబ్బ మారిందో లేదో కైరో వదిలి ఎగువ ఈజిప్టు పల్లెలకు వెళ్లిపోతాం. అక్కడ మగవాళ్లు కర్రసాము చేస్తుంటే మిజ్మార్ సన్నాయిలా మోగుతుంది. నాట్యగత్తె నడక కూడా మారాలి. పాదం నేలను గట్టిగా పట్టుకోవాలి.

మా దగ్గరికి నాట్యం నేర్చుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి ఈ తాళాలన్నీ ఇట్టే పట్టేసింది. నా ప్రతి దెబ్బకూ నడుము కదిపేది. ఆమె గురువు ఒకప్పుడు వేదికలేలిన నర్తకి. ఆ గురువు చూసి చూసి ఆపింది. "అమ్మాయీ, ఇంతసేపూ తబ్లా ఒక్కదాన్నే విన్నావు. మిగతావాళ్లు ఏం పాపం చేశారు?"

ఆ రోజు ఆట లేదు. కళ్లు మూసుకుని వినడమే పాఠం. నాయ్ అనే వేణువు ఊపిరి పోసుకుంటే చేతులు మెల్లగా తేలడం, ఖానూన్ తీగలు గబగబా మీటితే ఆ కంపనం నడుములోకి దిగడం, వయొలిన్లన్నీ కలిసి లేస్తే వేదికంతా చుట్టేయడం. వాద్యం మారిన క్షణాన్ని చెవి పట్టుకుంటే ఒళ్లు దారి వెతుక్కుంటుందని ఆమె చెప్పింది.

ఆ తర్వాత బలదీ తక్సీమ్ అనే ఆశు వాదనకు ఆడటం నేర్పింది. అకార్డియన్ ఒంటరిగా, తాళం లేకుండా మొదలవుతుంది. పియానో మెట్ల మధ్య పడే స్వరాలు కూడా పలికేలా మా అకార్డియన్‌కు శ్రుతి మారుస్తారు. అప్పుడు నేను మౌనం. అమ్మాయి కూడా దాదాపు కదలకూడదు. అకార్డియన్ చిన్న మాట విసిరి ఆగుతుంది. నేను రెండు దెబ్బలతో జవాబిస్తాను. ఆ జవాబు దగ్గర మాత్రమే నడుము పలకాలి. మళ్లీ ప్రశ్న, మళ్లీ జవాబు. అలా అలా తాళం నిలదొక్కుకుని అందరం కలిసి నడుస్తాం. మొదట్లో అమ్మాయి ఆ ఖాళీలను భరించలేక ఏదో ఒకటి చేసేది. ఒకనాడు అకార్డియన్ సాగినంతసేపూ నిలబడి, నా జవాబుకు ఒకే ఒక్కసారి నడుము జార్చింది. ఉస్తాద్ "అల్లా!" అన్నాడు. సంగీతం గుండెను తాకితే మావాళ్ల నోట వచ్చే మాట అది.

చివరికి గాయని ఉమ్మ్ కుల్సూమ్ పాట. 1964లో అబ్దుల్ వహాబ్ బాణీ కట్టిన 'ఇంత ఉమ్రీ'. గాయని నోరు విప్పేముందు వాద్యాలే చాలాసేపు నడుస్తాయి. గురువు ముందు అమ్మాయి చేత సాహిత్యానికి అర్థం చెప్పించింది. ప్రేమ దొరకకముందు పోయిన కాలం గురించి పాడుతుంటే ముఖాన నవ్వు ఎలా పెడతావని అడిగింది. అక్కడ నేను నెమ్మదిగా వెనక ఉంటాను. నర్తకి నన్ను విడిచి గొంతు వెంట వెళ్లాలి. వెళితే నాకు చిన్నతనం లేదు. నా దెబ్బలు ఆమె పాదాల కింద నేలగా ఉండాలన్నదే నా కోరిక.

నేర్చుకునేవాళ్లకు నా మాట ఇది. ఒక పాట ఎంచుకోండి. మొదటిసారి కదలకుండా వినండి. తర్వాత ఒక్క నాయ్ వెంట, ఆపైన ఒక్క ఖానూన్ వెంట వెళ్లండి. మాటల అర్థం తెలుసుకోండి. అప్పుడు లేచి నిలబడి మీకు వినిపించినది మాత్రమే ఆడండి. వినిపించనిది ఆడనక్కర్లేదు.