పైడి దాచిన పల్లె: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

అవతారిక

క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే ఫోన్ ఆటలో ప్రతి ఆటగాడికీ ఒక పల్లె ఉంటుంది. ఫిన్లాండ్‌కు చెందిన సూపర్‌సెల్ సంస్థ దీన్ని 2012లో ఐఫోన్లకు, మరుసటి ఏడు ఆండ్రాయిడ్ ఫోన్లకు ఇచ్చింది. ఆ పల్లెలో రచ్చబండ, చెరువు, గుడి కనబడవు. బంగారు గనులు, ఎలిక్సర్ అనే రసం తోడే యంత్రాలు, కొట్లు, గోడలు, ఫిరంగులు ఉంటాయి. తిరుత్తణి నుంచి అరక్కోణం, తిరువళ్లూరు మీదుగా చెన్నై వెళ్లే ఎలక్ట్రిక్ రైలు ఈ ఆటకు అనువైన చోటు: సీటు దొరికినవాడు ఆడతాడు, దొరకనివాడు భుజం మీదుగా చూసి సలహా చెబుతాడు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోది. మధ్యవర్తి పటాస్కర్ సిఫారసుల మేరకు సరిహద్దు మారి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, తెర మీద ఇంగ్లీషు నడిపే ఆ సీమ ఆటగాడికి పనికివచ్చేలా ధన నిర్వహణను నాలుగు పాదాల్లో ఇమిడ్చిన పద్యం ఇది.

తే. గనుల నిండిన పైడినిఁ గట్టడములఁ
బడుకొనకమున్నె వెచ్చించువాఁడె గెలుచుఁ
దాఁచి నిదురించువాని సొత్తంత దోఁచుఁ
దెల్లవాఱక మున్న విదేశి యొకఁడు.

ప్రతిపదార్థం

గనులన్ = అడక్కుండానే బంగారం తీసే గనులలో; నిండిన = ఇక పట్టనంతగా చేరిన; పైడినిన్ = బంగారాన్ని; కట్టడములన్ = ఫిరంగులు, బురుజులు, గోడలు మొదలైనవాటి మీద; పడుకొనకమున్నె = ఫోన్ దిండు కిందికి పోకముందే; వెచ్చించువాఁడె = ఖర్చుపెట్టేవాడే; గెలుచున్ = గెలుస్తాడు; దాఁచి = కొట్లో పెట్టుకొని; నిదురించువాని = నిద్రపోయేవాడి; సొత్తు + అంత = ఉన్నదంతా; తెల్లవాఱక మున్న = కోడి కూయకముందే; విదేశి యొకఁడు = ముక్కూ మొహం ఎరగని ఒకానొకడు; దోఁచున్ = దోచుకుంటాడు.

తాత్పర్యం

చేరిన బంగారాన్ని పడుకునే ముందే పల్లె మీద ఖర్చుపెట్టినవాడు బాగుపడతాడు. పొదుపు చేసి పడుకున్నవాడు తెల్లారి లేచి ఎవడు దోచాడో, ఎంత దోచాడో చదువుకుంటాడు.

విశేషాలు

‘పైడి’ ఇక్కడ ఉపలక్షణం. ఎలిక్సర్‌కూ, పల్లె స్థాయిని నిర్ణయించే టౌన్‌హాల్ ఏడో మెట్టు నుంచి దొరికే డార్క్ ఎలిక్సర్‌కూ ఇదే న్యాయం వర్తిస్తుంది. పూర్వం ఎలిక్సర్‌ను సైన్యానికి కొంత, కట్టడాలకు కొంత పంచుకోవలసి వచ్చేది. దాని మీద ఆటగాళ్లలో పెద్ద మీమాంస నడిచింది. 2022లో సైన్యం శిక్షణకు ఖర్చు ఎత్తేయడంతో ఆ మీమాంసకు కాలం చెల్లింది.

‘సొత్తంత’ అనడం కవి చేసిన అతిశయోక్తి. శత్రువుకు అన్నీ ఒకే పాళ్లలో దొరకవు. గనుల్లోనే వదిలేసిన బంగారంలో సగం దాకా పోవచ్చు. కొట్లో చేర్చినదానిలో పోయే పాలు చాలా తక్కువ, దానికి గరిష్ఠ పరిమితి కూడా ఉంది. క్లాన్ కోటలోని ఖజానాలో ఉన్నదానిలో పోయేది మరీ స్వల్పం. కనుక ఖర్చుకు వీలులేని రోజున కూడా గనులు ఊడ్చి కొట్లో పోసి పడుకోవాలి. ఈ ఒక్క పని సోమరి ఆటగాడిని సగం కాపాడుతుంది.

‘నిండిన’ అన్న మాటలో కవి దాచిన హెచ్చరిక వేరే ఉంది. గని నిండగానే తవ్వకం ఆగిపోతుంది. తిరువళ్లూరు జిల్లా చెరువుల్లో ఇలా జరగదు. అక్కడ పై చెరువు కలుజు దాటిన నీరు కింది చెరువుకు చేరుతుంది. కుశస్థలి నది మీద 1944లో కట్టిన పూండి జలాశయంలోకి కండలేరు నుంచి ఊత్తుక్కోట మీదుగా కృష్ణా నీరూ వస్తుంది. అక్కడి నుంచి కాలువల మీద చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులకు పోతుంది. పూండి నిండితే గేట్లెత్తుతారు, నీరు ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఎక్కడో ఒకచోటికి పోతుంది గాని నది ఆగదు. ఆటలోని గనికి కలుజు లేదు. నిండిన తరవాత గడిచిన గంటల రాబడి ఆటగాడికీ దక్కదు, దోచేవాడికీ దక్కదు.

‘పడుకొనకమున్నె’ అంటే నిద్ర ఒక్కటే కాదు. ఆట తెరిచి ఉన్నంతసేపూ సాధారణంగా ఆ పల్లె మీద దాడి జరగదు. తెర ఆర్పిన క్షణమే నిద్ర. ఆవడిలో దిగి ఫోన్ జేబులో వేసుకున్న ఉద్యోగి, పట్టపగలే అయినా, ఈ పద్యం లెక్కన నిద్రించినవాడే.

పూర్వపక్షం: పెద్ద కట్టడాల ధర కొట్టు నిండా ఉన్నంత ఉంటుంది. కూడబెట్టకుండా టౌన్‌హాల్ పెంచడం ఎలా? రోజూ ఖర్చుపెట్టమనే కవి దరిద్రాన్ని బోధిస్తున్నాడు గదా?

సమాధానం: ఆక్షేపణ సబబైనదే, పద్యంతో మాత్రం దానికి విరోధం లేదు. పెద్ద ధరకు కూడబెట్టేవాడు ఆఖరి వాటాను గనుల మీద ఆధారపడి రోజుల తరబడి పోగుచేయకూడదు. ఒక్క బిగిన వరసగా నాలుగు దాడులు చేసి, లూట్ తెచ్చి, ఆ ఊపులోనే అప్‌గ్రేడ్ మొదలుపెట్టాలి. మిగిలిన చిల్లరను గోడలకు పెట్టాలి. గోడకు గంటలు పట్టవు, పైకం కట్టగానే లేస్తుంది. మిగతా కట్టడాలకు మాత్రం ఒక బిల్డర్ (కట్టే పనివాడు) ఖాళీగా ఉండాలి.

కవి చెప్పకుండా వదిలేసిన పెద్ద విషయం ఇక్కడే బయటపడుతుంది. ఖర్చుపెట్టు అన్నాడు గాని, కట్టేదెవరో చెప్పలేదు. ఈ ఆటలో అసలు కొరత బంగారానిది కాదు, బిల్డర్ల కాలానిది. బంగారం ఒక్క దాడితో వస్తుంది. నాలుగు రోజుల పనిలో ఉన్న బిల్డర్ నాలుగు రోజులదాకా రాడు. జెమ్స్‌తో (ఆటలోని రత్నాలతో) కొనే బిల్డర్ గుడిసెలకు మూడోదానికి 500, నాలుగోదానికి 1000, అయిదోదానికి 2000 జెమ్స్ అవుతాయి. పల్లెలో మొలిచే చెట్లూ పొదలూ తీసినప్పుడు ఒకటీ అరా దొరికే జెమ్స్‌ను పని తొందరగా ముగించడానికి తగలేసేవాడు ఈ శాస్త్రానికి అనధికారి. అవి గుడిసెలకే.

బిల్డర్లందరికీ ఒకేసారి పొడవాటి పనులు అప్పగించడమూ దోషమే. కొట్లు నిండిన రోజున ఒక్కడూ ఖాళీ ఉండడు. పనులు ఒకటి తరవాత ఒకటి ముగిసేలా అమర్చుకుంటే రోజుకొకడైనా చేతికొస్తాడు. ఆడికృత్తికకు కావడి ఎత్తుకొని తిరుత్తణి కొండ 365 మెట్లూ ఎక్కే భక్తుడు ఆ రోజంతా ఫోన్ ముట్టడు గనక, ముందు రాత్రే పొడవాటి పనులన్నీ మొదలుపెట్టి, కొట్లు ఊడ్చుకొని బయల్దేరడం విజ్ఞుల పద్ధతి. దీన్ని పై నియమానికి అపవాదంగా గ్రహించాలి.

‘విదేశి’ విషయంలో కవికి కొంచెం పక్షపాతం ఉంది. ఆ దోచినవాడు బ్రెజిల్‌లో ఉండవచ్చు, అరక్కోణంలోనూ ఉండవచ్చు. పైగా ఇదే ఆటగాడు మర్నాడు ఎవడో ఒకడి పల్లెకు తానే విదేశి అవుతాడు.

లుప్తాచారం: 2015 డిసెంబరు మార్పుకు ముందు టౌన్‌హాల్‌ను గోడల బయట పెట్టి నిద్రపోయే ఆచారం ఉండేది. దారిన పోయేవాడు అదొక్కటీ కూల్చి విజయం పట్టుకుపోయేవాడు, పడుకున్నవాడికి ఉచితంగా షీల్డ్ (కొంతసేపు దాడి జరగకుండా ఆపే రక్షణ) వచ్చేది. కొట్లు చెక్కు చెదిరేవి కావు. ‘దాఁచి నిదురించువాని’ అన్న పాదం ఆ కాలానికి వర్తించదు.

ఛందోవ్యాకరణాలు

తేటగీతి. ప్రతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతులు: గ-గ, బ-వా, దా-త్తం, దె-దే. పైడినిన్ + కట్టడములన్ = పైడినిఁ గట్టడములన్, సరళాదేశం. సొత్తు + అంత = సొత్తంత, ఉత్వ సంధి.

ఫలశ్రుతి

దీన్ని రోజూ పడుకునే ముందు చదివి ఆచరించినవాడికి గోడలు పెరుగుతాయి, కొట్లు ఖాళీగా ఉంటాయి. షీల్డ్ మాత్రం పద్యం చదివితే రాదు. దానికి పల్లెలో కనీసం 30 శాతం కూలాలి.