కొలతలు ఇస్తారా, కేసు పెట్టమంటారా?

నార్కో పరీక్షకు మనిషి ఒప్పుకుని తీరాలని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఒప్పుకోలు కూడా మేజిస్ట్రేటు ముందు నమోదు కావాల్సిందే. మనసుకు ఆపాటి మర్యాద దక్కింది!

మరి ఒంటికి? 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టం వేలిముద్ర, కనుపాప, నెత్తురు, ఆఖరికి సంతకాన్నీ కొలతల పద్దులో చేర్చింది. ఇవ్వనంటే అదీ నేరమే. వీధి చివర దర్జీ ఇంత పట్టుబట్టడు, పైగా కొలతల పుస్తకాన్ని 75 ఏళ్లు దాచడు.

ఏడేళ్లకు తక్కువ శిక్షపడే కేసుల్లో, అది స్త్రీలు, పిల్లలపై నేరం కాకపోతే, అరెస్టయినవాడు నెత్తురు ఇవ్వనని చెప్పొచ్చు. ఆ వెసులుబాటు చట్టంలోనే ఉంది. స్టేషన్లో ఆ ముక్క చెవినవేసే నాథుడేడీ? “ఊఁ, ఇక్కడ సంతకం పెట్టు” అని కాగితం తోశాక, నిలబడ్డవాడు అడగగలిగేది ఒక్కటే: “తెలుగులో పెట్టనా, ఇంగ్లీషులోనా సార్?”