బీటా సూత్రానికి పరిగి వ్యాఖ్య

మూలం

బీటా ఏస్తె ఏసుకో తమ్మీ. గని షాపు సిస్టంల ఏయకు. డాటా వోతె నన్నడుగకు.

అవతారిక

వికారాబాద్ జిల్లా పరిగిలో, బీజాపూర్ రోడ్డు మీద ఒకానొక కంప్యూటర్ సెంటర్లో, కరెంటు పోయి ఇన్వర్టర్ కీచుమంటున్న సాయంత్రం ఈ సూత్రం వెలువడింది. చెప్పినవాడు షాపు యజమాని. విన్నవాడు కాలేజీ అయ్యాక వచ్చి ఫారాలు నింపిపెట్టే డిగ్రీ కుర్రవాడు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. షాపులోని పాత సీపీయూలో టీపీఎం 2.0 అనే భద్రతా భాగం లేదు, కనుక విండోస్ 11 దానికి అధికారికంగా ఎక్కదు. కుర్రవాడు ఉబుంటు అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టం బీటాను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొచ్చి "అన్నా, ఒక్కసారి ఏసి చూద్దామా" అన్నాడు. కౌంటర్ అవతల ఇన్‌కం సర్టిఫికెట్ కోసం నలుగురు నిలబడి ఉన్నారు. ఆ నలుగురినీ చూసి యజమాని పలికిన పలుకిది.

ప్రతిపదార్థం

బీటా = తయారుచేసినవాడికే పూర్తి నమ్మకం కుదరని రూపు; ఏస్తె ఏసుకో = అనుమతిలా వినిపించే విసుగు; తమ్మీ = తర్వాత రాబోయే తిట్టుకు ముందుగా పూసిన వెన్న; గని = కానీ (సూత్రానికి ప్రాణమంతా ఇక్కడే ఉంది); షాపు సిస్టంల = అనూ ఫాంట్లతో కట్టిన పదేళ్ల పెళ్లిపత్రికలు, సగం నింపిన దరఖాస్తులు, "ఫైనల్", "ఫైనల్ 2", "ఇదే ఫైనల్" అనే పేర్లు గల ఫ్లెక్సీ ఫైళ్లు ఉన్న యంత్రంలో; ఏయకు = ఏయకు; డాటా వోతె = పై వాటిలో ఏ ఒక్కటి కనబడకపోయినా; నన్నడుగకు = సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎవరూ చదవని ఒప్పందంలో పేజీలకొద్దీ రాసుకునే సంగతిని ఒక్క ముక్కలో తేల్చడం.

పాఠాంతరం: తాండూరు ప్రతిలో "నన్నడుగకు" అన్నచోట "నాకు ఫోన్ జెయ్యకు" అని ఉంది. అర్థభేదం లేదు, కోపం ఒక పాలు ఎక్కువ.

తాత్పర్యం

విడుదలకు ముందటి ఆపరేటింగ్ సిస్టంను, చచ్చినా ఎవరికీ నష్టం లేని యంత్రంలో మాత్రమే వేసుకోవాలని భావం.

విశేషాలు

"ఇంత చిన్న మాటకు వ్యాఖ్య ఎందుకు?" అని వికారాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఒక పూర్వపక్షం బయలుదేరింది. పైగా బీటా ఉచితంగా ఇస్తున్నారు, ఉచితంగా వచ్చేదాన్ని వద్దనడం తెలివి కాదు, అని వారి వాదం. ఉచితం అనే హేతువు నిలవదు. 1995లో విండోస్ 95 విడుదలకు ముందు అమెరికాలో ప్రివ్యూ ప్రోగ్రాం పెట్టి, దాదాపు 20 డాలర్లు తీసుకొని ఫ్లాపీల కట్టను ఇంటికి పంపారు. ఆపిల్ వారు 2000 సెప్టెంబర్ 13న మాక్ ఓఎస్ టెన్ పబ్లిక్ బీటాను 29.95 డాలర్లకు అమ్మారు. అది 2001 మే 14న దానంతటదే పనిచేయడం మానేసింది. కొన్నవాళ్లకు అసలు సరుకు ధరలో ఆ మేరకు తగ్గించారన్నది నిజమే. అయినా వంట కుదిరిందో లేదో రుచి చూసి చెప్పమని పిలిచి, విస్తరాకుకు రుసుం తీసుకున్న ఘనత ఈ రంగానిదే. తర్వాత డబ్బు అడగడం మానేశారు. దాని బదులు మన యంత్రంలో ఏం జరుగుతోందో ఎప్పటికప్పుడు వాళ్లకు కబురు పోతుంటుంది. రుసుం తీసుకునే పద్ధతి మారింది, రుసుం పోలేదు.

రెండో మతం ఉత్సాహవంతులది. హైదరాబాద్‌లో పుట్టి బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్‌కు పెద్ద అయ్యారు. ఆ ఏడాది సెప్టెంబర్ చివర్లోనే విండోస్ ఇన్‌సైడర్ ప్రోగ్రాం వచ్చింది. ఇక మనవాళ్ల వేళ్లు ఆగుతాయా? తర్వాత ఇందులో క్యానరీ, డెవ్, బీటా, రిలీజ్ ప్రివ్యూ అని మెట్లు పెట్టారు. పైమెట్టు ఎక్కడానికి ఒక నొక్కు చాలు. అక్కడి నుంచి మామూలు విండోస్‌కు దిగాలంటే చాలాసార్లు అంతా తుడిచి మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. ఈ ఘట్టంలో అభిమన్యుణ్ణి తీసుకురావడం వ్యాఖ్యాతలకు ఆచారం. ఆయన ఇప్పటికే అలసిపోయి ఉన్నాడు, వదిలేద్దాం. షాపాయన "ఏసుకో" అన్నాడే గానీ "తీసెయ్యి" అనే మాట ఎత్తలేదు, గమనించగలరు. వేయడమే మన చేతిలో ఉంది.

వర్ణం గురించి ఒక మాట. విండోస్ కుప్పకూలినప్పుడు కనబడే తెర నీలమని లోకప్రసిద్ధి. 2016 డిసెంబర్ నుంచి ఇన్‌సైడర్ రకాల్లో దాన్ని ఆకుపచ్చ చేశారు. ఎవరైనా తెర ఫొటో తీసి పంపితే, ఇది బయటికొచ్చిన సరుకా, ఇంకా వండుతున్నదా అన్నది రంగును బట్టే తెలియాలని. అంటే పచ్చతెర కనబడినవాడు ఫిర్యాదు చేయవచ్చు గానీ ఆశ్చర్యపోకూడదు. విడుదలైన రకానికి 2025లో నీలం కూడా పోయి నలుపు వచ్చింది. పండితులు దీని మీద రసచర్చ చేయవచ్చు. మాకు అంత తీరిక లేదు.

మూడో మతం వాళ్లు నిదానస్తులు. "బీటా వద్దు, విడుదలైనాక వేసుకుంటే గొడవే లేదు" అంటారు. వినసొంపుగానే ఉంది. కానీ 2018 అక్టోబర్ 2న విండోస్ 10 అక్టోబర్ అప్‌డేట్ లోకం మీదికి వచ్చింది. అది బీటా కాదు, అన్ని పరీక్షలూ దాటిందని ముద్ర వేసి ఇచ్చినది. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌లోకి మార్చుకున్న కొందరి యంత్రాల్లో, పాత చోట మిగిలి ఉన్న ఫైళ్లను అది ఊడ్చేసింది. కొద్ది రోజుల్లోనే పంపిణీ ఆపేశారు. సరిచేసి మళ్లీ వదిలింది నవంబర్ 13న. ఫిర్యాదు చేసినవాళ్లు పదివేలమందిలో ఒకరేనని కంపెనీ చెప్పింది. ఆ ఒక్కడి పెళ్లిఫొటోలకు ఈ లెక్కతో పనిలేదు. ఇందులో అసలు ముల్లు వేరే ఉంది. విడుదలకు ముందే పరీక్షించినవాళ్లలో కొందరు "ఫైళ్లు పోతున్నాయి" అని రాసి పంపారు. కుప్పలో ఆ మాట ఎవరి కంటా పడలేదు. ఆ తర్వాతే ఫిర్యాదు ఎంత తీవ్రమైనదో కూడా రాసే గడి ఒకటి పెట్టారు. కాబట్టి "డాటా వోతె" అన్న పదం బీటాకే చెందుతుందనడం అసంపూర్ణ వ్యాఖ్య. దాన్ని సర్వత్రా అన్వయించుకొని, వారానికోసారి ఇంకో హార్డ్‌డిస్కులోకి కాపీ తీసిపెట్టుకోవాలి. షాపాయన అల్మారాలో తాళం వేసి పెట్టిన నల్ల డబ్బా అదే.

ఇక దృష్టాంతం. మన జిల్లాలోనే ఉంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది సంగతి అందరికీ తెలుసు. తాండూరులో వ్యవసాయ పరిశోధన స్థానమూ ఉంది. కొత్త వంగడాన్ని విడుదల చేసే ముందు మినికిట్ పేరిట చిన్న సంచుల్లో రైతులకిచ్చి వాళ్ల చేలల్లో వేయిస్తారు. ఆ సంచి అందుకున్న రైతు ఉన్న చేనంతా దాంతో నింపడు. ఒక చెక్కలో కొత్తది వేసి, పక్కనే తన పాతరకం వేసి, పూత ఎప్పుడొచ్చింది, ఎండుతెగులు దేనికెంత తగిలింది, కాయ ఎంత నిండింది అని చూసుకుంటాడు. శాస్త్రవేత్త వస్తే చేలోకి తీసుకెళ్లి చూపిస్తాడు. సూత్రంలో యజమాని చెప్పింది ఇందులో సగమే: చేనంతా వేయకు. రెండో సగం, అంటే చూసి చెప్పడం, ఆయన చెప్పలేదు. ఆయన పని నలుగురికి సర్టిఫికెట్లు ఇవ్వడం కనుక ఆయన్ను తప్పుపట్టలేం. బీటా వేసి, నాలుగు కొత్త బొమ్మలు చూసి, స్నేహితుల ముందు తెర తిప్పి చూపించి, కష్టం రాగానే "ఛీ, పనికిరాదు" అని పీకేసేవాడు మాత్రం మినికిట్ కందులు పప్పు చేసుకు తిన్నవాడితో సమానం.

రాసి పంపితే ఏమొస్తుందంటారా? ఇక్కడ మన భాషకు సంబంధించిన ఒక ఉదంతం చెప్పక తప్పదు. 2018 ఫిబ్రవరి మధ్యలో, జ్ఞానానికి మొదట్లో ఉండే "జ్ఞా" ఐఫోన్లను పడగొట్టింది. మామూలు "జ్ఞా" కాదు. జ్ఞకూ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని ఒక గుర్తు చేరిన "జ్ఞా". ఆ గుణింతాన్ని తెర మీద అమర్చబోయి ఐఓఎస్ 11 తడబడేది. మెసేజ్‌లో వస్తే ఆ యాప్ మూతపడేది, నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మొరాయించేది. మాక్ కంప్యూటర్లూ తప్పించుకోలేదు. తెలుగు ఒక్క ముక్క రాని వాళ్లు కూడా ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకొని వినోదించారు. మన లిపికి అంత ప్రచారం అంతకుముందు లేదు. విచిత్రం ఏమంటే, అందరి చేతుల్లో ఉన్న విడుదలైన రకం పడిపోతుంటే, అప్పటికి బీటాగా ఉన్న 11.3లో ఆ లోపం లేదు. ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చి మిగతావాళ్లను గట్టెక్కించింది. బీటాను నమ్మరాదన్న మతానికి ఇది గట్టి దెబ్బే. కానీ మా అభిప్రాయం వేరు. క్యూపర్టినోలో ఆపిల్ ఆఫీసులో కూర్చున్నవాడు ఒత్తులూ గుణింతాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి టైపు చేసి చూడడు. అది అతని నేరం కాదు, అతనికి తెలియదు. మనకు తెలుసు. మనం చూసి చెప్పకపోతే ఆ లోపం ఊరంతటి చేతుల్లోకి వచ్చాకే బయటపడుతుంది.

సిద్ధాంతం

బీటా పనికిరాదన్న మతమూ, తప్పక వేసుకోవాలన్న మతమూ రెండూ తిరస్కృతం. బతుకుతెరువు నడిచే యంత్రంలో వేయరాదు, ఇందులో వాదానికి తావు లేదు. విడిగా పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో గానీ, వేరే డిస్కులో గానీ వేసుకోవచ్చు. వేసినవాడు చూసింది రాసి పంపాలి. పంపనివాణ్ణి పరీక్షకుడు అనడానికి వీల్లేదు.

ఇంట్లో అటకెక్కిన కంప్యూటర్ ఉన్న పరిగి, వికారాబాద్, తాండూరు పిల్లలకు మా విన్నపం ఒకటే. ఈసారి బీటా వేసినప్పుడు వాల్‌పేపర్ మార్చే ముందు తెలుగు కీబోర్డు పెట్టి "జ్ఞా", "క్ష్మి", "త్స్న", "ర్త్య" కొట్టి చూడండి. ఎక్కడ ఒత్తు జారినా, దీర్ఘం పక్కకు పోయినా తెర ఫొటో తీసి, ఏ యాప్‌లో, ఏ ఫాంట్‌లో జరిగిందో రాసి వాళ్లకు పంపండి. ఇంగ్లిష్ రాకపోతే వచ్చినంతలో రాయండి, ఫొటో చాలావరకు చెప్తుంది.