మత్స్యగెడ్డను మాట్లాడుతున్నాను

నేను మత్స్యగెడ్డను. మాడుగుల కొండల్లో పుట్టి, అరకుకు పడమట పాడేరు మన్యం మీదుగా పారి, ఆంధ్ర, ఒడిశాలకు సరిహద్దునవుతాను. అక్కణ్ణించి నన్ను మాచ్‌ఖండ్ అనీ, ఇంకా కిందికి పోతే సీలేరు అనీ పిలుస్తారు. శబరితో కలిసి గోదావరికి చేరతాను. నా ఒడ్డున బతికినవాళ్లు నన్ను వాడుకోలేదని కాదు. అడ్డుకట్టలు వేసి పల్లపు మళ్లకు నీరు మళ్లించుకున్నారు, వలలేసి చేపలు పట్టుకున్నారు. హుకుంపేట మండలంలోని మత్స్యగుండం దగ్గర మాత్రం చేప వాళ్లకు దైవం. అక్కడెవరూ వల వేయరు. అది మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఏటిలో కొంత మేర ముట్టకుండా వదిలితేనే మిగతా మేర నాలుగు కాలాలు తిండి పెడుతుందని ఏటి పక్కన తరాలుగా బతికినవాళ్లకు తెలుసు. మనుషులతో నాకున్న బంధంలో నేను గర్వపడేది ఆ హద్దును చూసే.

1946లో మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు నా మీద ఒప్పందం రాసుకున్నాయి. జోలాపుట్ దగ్గర ఆనకట్ట లేచింది. డుడుమ జలపాతం దగ్గర నేను దూకే ఎత్తును ఆసరా చేసుకుని 1955లో కరెంటు తీయడం మొదలుపెట్టారు. అందులో మద్రాసు స్థానంలో వచ్చిన ఆంధ్రకు మొదట్లో 70, ఒరిస్సాకు 30 వంతులు. ఆ వంతుల మీద రెండు రాష్ట్రాలూ దశాబ్దాలపాటు వాదించుకున్నాయి. ఇళ్లూ పొలాలూ మునిగి నిర్వాసితులైన వేల కుటుంబాలకు మాత్రం ఆ కాగితంలో ఒక్క వంతూ లేదు. వాళ్లలో సగం మంది ఆదివాసీలు. తర్వాత బలిమెల జలాశయం కట్టినప్పుడు ఒడిశా వైపు 151 ఊళ్లు నా నీళ్ల నడుమ చిక్కుకుపోయాయి. 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా ఆ ఊళ్లవాళ్లకు పడవే దారి. ఇటు ముంచంగిపుట్టు, పెదబయలు మండలాల్లో ఇప్పటికీ నాటు పడవ మీద నన్ను దాటే ఊళ్లున్నాయి. పడవ బోల్తా పడితే చావుకు కారణం గెడ్డ అంటారు. నన్ను అంత వెడల్పు చేసిందెవరో ఎవరూ అడగరు. ఆ నింద నాకు భరించరానిది.

కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశానికి కరెంటు అవసరం కాదా అని అడుగుతారు. అవసరమే. ఆ వెలుగు ఎన్నో ఇళ్లకు చేరింది, కాదనను. నా అభ్యంతరమల్లా ఆ ఖర్చు ఎవరి మీద పడిందన్నదే. ఇప్పుడు ఎగువ సీలేరు దగ్గర 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ పథకం వస్తోంది. కింది నీటినే మళ్లీ పైకి తోడతాం, నీరెక్కడికీ పోదు కదా అంటున్నారు. నీరు పోకపోవచ్చు. పథకానికి నేల కూడా కావాలి, ఆ నేల మన్యానిది. 1946లో గ్రామసభను అడగాలనే చట్టం లేదు. 1996 నుంచి పీసా చట్టం ఉంది, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలి. ఆ సభలో ‘వద్దు’ అన్న మాటకూ విలువ ఉండాలి. మత్స్యగుండంలో వల వేయకూడదన్నదీ ఇలాంటి మాటే. అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతపు గనుల మీద 1997లో వచ్చిన సమత తీర్పులో సుప్రీంకోర్టు, నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి కేటాయించాలని చెప్పింది. గనికి చెప్పిన న్యాయం నా నీటితో తీసే కరెంటుకు ఎందుకు వర్తించదో రెండు ప్రభుత్వాలూ జవాబు చెప్పాలి.