తూకానికి వేసిన సలికె

మా నాయన పనిముట్లను నేను పాత ఇనుము కింద తూకానికి వేశాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆయన పోయిన తర్వాత మా ఊరు కనగానపల్లిలో ఇల్లు సర్దుతూ, కొట్టం మూలన ఆనించి ఉన్నవాటిని నా చేతులతోనే బయటికి మోసుకొచ్చి, మోపెడ్ మీద వచ్చిన పాత సామాన్లాయనకు ఇచ్చేశాను. గడ్డపార, రెండు సలికెలు (పారలు), తొలికె, పిక్కాసు, మచ్చుకత్తి, కలుపు తీసే బొరిగె. చేతికొచ్చిన డబ్బు ఆ వారం కూరగాయలకు సరిపోయింది.

అప్పుడు నా కంటికి తుప్పు తప్ప ఏమీ కనిపించలేదు. ఇప్పుడు ఒక్కొక్కటే కళ్ళ ముందుకొస్తుంది. పెద్ద సలికె అంచు సమంగా ఉండేది కాదు. కుడి మూల అరిగి గుండ్రంగా అయిపోయింది, ఎడమ మూల ఇంకా కోసుగానే ఉంది. ఆయన ఒక పక్కకు ఒరిగి వేటు వేసే అలవాటు అంతా ఆ అంచు మీద పడింది. తుమ్మకట్టె కామ రెండు చోట్ల నున్నగా, కొంచెం సన్నగా ఉండేది. ఆయన రెండు చేతులూ పట్టే చోట్లు అవి. తొలికె పలక అరిగి అరిగి నాలుగు వేళ్ళ వెడల్పుకు వచ్చింది. ఇక దేనికీ పనికిరాదని తీర్మానించాను. మొక్క మొదళ్ళ మధ్య దూర్చి కలుపు గీకడానికి ఆ కొలతే కావాలని తెలిసేసరికి అది చెయ్యి దాటిపోయింది.

ఉద్యోగం ముగిసి బెంగళూరు నుంచి ఊరికి తిరిగొచ్చే ముందు, ఇంటెనక దొడ్డిలో తోట పెట్టాలని అనుకున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు తప్పనిసరి అంటూ ఒక పట్టిక చదివి, అందులో ఉన్నవన్నీ ఒక దుకాణంలో కొన్నాను. చేతిలో ఇమిడే చిన్న ట్రోవెల్, మూడు పళ్ళ ఫోర్కు, కొమ్మలు కత్తిరించే కత్తెర, ముక్కు పొడుగు నీళ్ళ డబ్బా, చేతి తొడుగులు. అన్నీ ఆకుపచ్చ పిడులతో ముచ్చటగా ఉన్నాయి. బెంగళూరు బాల్కనీలో కొబ్బరి పొట్టు కలిపిన కుండీలకు అవి చక్కగా పనిచేస్తాయి, చేశాయి కూడా. ఆ పట్టిక రాసినవాళ్ళ నేల ఏదో నేను అడగలేదు. నా నేల ఏదో కూడా అడగలేదు, ఆ నేల మీదే పుట్టి పెరిగి ఉండి.

మా అనంతపురం ప్రాంతపు ఎర్ర నేలలో ఇసుక పాలు ఎక్కువ, పశువుల ఎరువు తగలకపోతే సారం తక్కువ. తడిసినప్పుడు మెత్తగా చేతికొస్తుంది. ఎండితే పైపొర పెచ్చు కట్టి బిగుసుకుపోతుంది. అడుగు లోతున, చాలాచోట్ల అంతకన్నా పైనే, గరుసు తగులుతుంది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడే వాన. పడమటి కనుమల చాటున ఉన్నాం కాబట్టి నైరుతి రుతుపవనం బలం తగ్గి మాదాకా వస్తుంది; ఈశాన్యం తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి దానికీ సత్తువ ఉండదు. 2022 అక్టోబరులో పండమేరు వాగు పొంగి అనంతపురం కాలనీలు మునిగినప్పటి లాంటి వానలు అరుదు. మిగతా కాలమంతా, వాన పడ్డాక రెండు మూడు రోజులు నిలిచే ఆ పదనులోనే తవ్వకమైనా, విత్తనమైనా.

నేను మొదలుపెట్టింది నడివేసవిలో. ట్రోవెల్ మొన నేలలో అంగుళం దిగి ఆగిపోయింది. కాలితో తొక్కితే మెడ దగ్గర వంగింది. ఫోర్కు పళ్ళు ఒకటి అటూ ఒకటి ఇటూ పోయాయి. నా చేతిలో బలం లేదనుకున్నాను, తర్వాత సరుకు నాసి అనుకున్నాను, ఇంకా ఖరీదైనది తెప్పించాను. అదీ వంగింది. కాలం మీద అనుమానం రాలేదు, వాన కోసం ఆగాలన్న ఆలోచన రాలేదు. చిన్నప్పుడు మా నాయన ఎండిన చేలో సలికె పట్టి ఎన్నడూ దిగలేదు. వాన పడిన మర్నాడు తెల్లారకముందే వెళ్ళేవాడు. అది చూస్తూ పెరిగాను. చూసిందానికి విలువ ఇవ్వకుండా, చదివినదాన్ని పట్టుకుని కూర్చున్నాను.

పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి చూసి, "ఏంటికి సామీ భూమిని అట్ల గిల్లుతాండావు? మాపిటేళ నీళ్ళు పోసి గోనెపట్ట కప్పు. పొద్దున గడ్డపార ఎయ్యి" అంది. ఇంట్లో గడ్డపార లేదని చెప్పాల్సి వచ్చింది. "మీ నాయనది ఏమాయె?" అని అడిగింది. అమ్మేశానన్నాను. ఆమె ఏమీ అనకుండా లోపలికి పోయి తమది తెచ్చి గోడ మీద నుంచి ఇచ్చింది.

గడ్డపార పట్టడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నేను దాన్ని నేలలోకి నెట్టేవాణ్ణి, భుజాలు పడిపోయేవి. నిటారుగా ఎత్తి, మొన నేలను తాకే క్షణంలో పట్టు వదులు చేయాలి. బరువే దిగుతుంది. పట్టు బిగించి ఉంచితే గరుసుకు తగిలిన దెబ్బ మోచేతి దాకా వస్తుంది. దిగిన తర్వాత వెనక్కి వంచితే పెళ్ళ లేస్తుంది, దాన్ని సలికెతో తోడాలి. మా ఊళ్ళో గుంత తీయడమంటే ఈ రెండు పనిముట్ల జత. ఒకటి పగలగొట్టేది, ఒకటి ఎత్తేది. రెండు పనులూ ఒక్కటే చేస్తుందనుకుని చిన్న ట్రోవెల్ పట్టుకోవడం దగ్గరే నా తెలివితక్కువ మొదలైంది.

తొలికె విలువ తెలియడానికి ఇంకా ఆలస్యమైంది. మడిలో గోరుచిక్కుడు గింజలు పెట్టాను, మర్నాడు గట్టి వాన పడింది, సంతోషించాను. తర్వాత ఎండ కాసి పైన పెచ్చు కట్టింది. మొలకలు దాని కింద మెడలు వంచుకుని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నేను వేలితో పెచ్చు లేపి చూసేసరికి చాలావరకు కుళ్ళిపోయాయి. వాన పడి ఆరుతున్నప్పుడే తొలికెతో పైపైన గీకి ఉంటే ఆ పెచ్చు కట్టేది కాదు. అట్లా గీకితే పైన పొడిమట్టి పలచగా పరుచుకుని అడుగు తేమను కూడా ఆపుతుంది. శెనక్కాయ చేలో సాళ్ళ మధ్య గుంటక తోలేది సగం కలుపు కోసమైతే సగం దీనికోసమే. ఈ ఊరి పిల్లలకు సైతం తెలిసిన పని ఇది.

కత్తెరతో చేసిన నష్టం ఇంకా పెద్దది. నాయన పెట్టిన నిమ్మచెట్టు గుబురుగా ఉందని, మే నెలలో కొమ్మలు తీసేశాను. నా దగ్గరున్నది ఒక పలక మీద కత్తి వచ్చి అదిమే రకం. ఎండు పుల్లలకు అది సరే. పచ్చి కొమ్మను కోయకముందు నలిపేస్తుంది. పచ్చికొమ్మలకు రెండు అంచులు ఒకదాని పక్కనుంచి ఒకటి జారే రకం కావాలి, అదీ పదును పెట్టి. నలిగిన చోట్ల బెరడు ఊడిపోయింది. గుబురు పోయేసరికి నీడలో ఉన్న లోపలి కొమ్మల మీద నేరుగా ఎండ పడి బెరడు కాలి చీలింది. చెట్టులో ఒక పక్క ఎండిపోయింది. మిగిలిన పక్క కాస్తోంది కానీ, ఆ ఎండిన వైపు చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది.

ఏ పట్టికలోనూ లేనిది ఇంకొకటి ఉంది, కంచె. మేకలు ఒక్క పూటలో నా టమాటా నారు మొత్తం మేసిపోయాయి. తుమ్మకంప కొట్టడానికి మచ్చుకత్తి, ఆ కంపను చేతికి ముల్లు దిగకుండా ఈడ్చి పేర్చడానికి పంగల కట్టె, ఈ రెండూ మా దగ్గర తోట మొదలుపెట్టేవాడికి సలికెకన్నా ముందు కావాలి. పక్కనే చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్ళు 1990లో బీడు గుట్టల మీద పని మొదలుపెట్టినప్పుడు, మంట నుంచీ మేత నుంచీ నేలను కాపాడటాన్నే ముఖ్యంగా పట్టుకున్నారు. కాపలా నిలిచాక గడ్డీ చెట్లూ వాటంతట అవే లేచాయి. ఆ గుట్టల పక్కగా బస్సులో ఎన్నోసార్లు పోయాను కానీ, ఒక్కసారైనా దిగి అడగలేదు.

ముక్కు పొడుగు నీళ్ళ డబ్బా కూడా ఎండకు పనికిరాలేదు. పైన పోసిన నీరు మధ్యాహ్నానికి ఆవిరైపోయేది. మొక్క పక్కన మట్టికుండ మెడ దాకా పాతి నీళ్ళు నింపి మూత పెడితే, కుండ గోడల్లోంచి నీరు మెల్లగా ఊరి వేరుకే అందుతుంది. కుండకు లోపలా బయటా నున్నటి పూత ఉండకూడదు, అంతే.

చివరికి కమ్మరి ఆచారి దగ్గరికి పోయాను. లారీ కమాను పట్టీ ముక్క తీసి కొలిమిలో పెట్టాడు. ఆ ఉక్కులో కర్బనం ఎక్కువ కాబట్టి అంచు నిలుస్తుంది. కాలిన పలకను సాగగొట్టి, చివర అంచు మాత్రమే నీళ్ళలో ముంచాడు. అంచు గట్టిపడి, వెనక భాగం మెత్తగా ఉంటేనే రాయి తగిలినప్పుడు పగలదట. తర్వాత నన్ను నిలబెట్టి, మోచెయ్యి ఎత్తు చూసి, "నీకు నడుము వంగదు కదప్పా, కామ జానెడు పొడుగు పెడతా" అన్నాడు. నేను కొన్న ఆకుపచ్చ పిడుల్లో దేనికీ నా నడుము సంగతి తెలియదు.

మా నాయనవి ఎక్కడైనా దొరుకుతాయేమోనని పాత సామాన్లాయనను అడిగాను. హిందూపురం వైపు ఇనుము కరిగించే ఫ్యాక్టరీలకు లోడు ఎప్పుడో పోయిందన్నాడు. ఇక అడగలేదు.

సలికె, తొలికె, మచ్చుకత్తి వచ్చాయి. బొరిగె రాలేదు. ముంగారు వానలకు ముందు ఊరంతా పనిముట్లు సాగగొట్టించుకోవడానికి ఆచారి దగ్గరే చేరతారు, శెనక్కాయ విత్తనం అయినాక నాది చేస్తానన్నాడు. అందాకా పెద్దమ్మ దగ్గర అడిగి తెచ్చుకుంటున్నాను. మట్టి కడిగి, ఆరబెట్టి, అంచు గోడవైపు తిప్పి పెట్టాలని ఆమె షరతు.